యేసన్నకు, ఓబుళేసుకు

రాళ్లవంక,
నల్లమాడ దగ్గర.
1980 మార్చి 4

తమ్ముడు యేసన్నకు అక్క సుంకమ్మ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది.

కవరు మీద ఓబుళేసు మాస్టరు అనే రాసినాను. పోస్టుమ్యానుకు ఆ పేరే తెలుసు గదా. బడిలో అయ్యవారు నీకు ఆ పేరు రాసి నలభై ఏండ్లు కావస్తాన్నా నా నోటికి అది రాదు. కవరు చించి లోపలికి వచ్చినాక నువ్వు నాయన పెట్టిన యేసన్నవే.

ఈడ మేమందరం ఉండాము. బాగుండామని రాస్తే నువ్వు తిడతావు, కాబట్టి ఉండామని మాత్రం రాస్తాండాను. మరదలు, పిల్లోళ్లు ఎట్ల ఉండారో రాయి.

మన మాలగేరి బావి అడుగున ఇప్పుడు కప్పలు కూడా లేవు. మైలు దూరం నడిచి గోవిందప్ప తోట బావికి పోతాండాము. నీకు తెలిసిందే, మనం గిలక ముట్టకూడదు. ఎడంగా బిందెలు పెట్టుకోని కూచోవల్ల. ఆయన జీతగాడు తోడి, ఎత్తు నుంచి పోస్తాడు. బుద్ధి పుట్టినప్పుడు పోస్తాడు. సగం నేల మీద పడతాయి. పడిన నీళ్లను తోట కుక్క నాకుతాది. దాన్ని ఎవురూ అదిలించరు.

ఇప్పుడు అసలు సంగతి. మన గేరికి సర్కారు బోరింగు మంజూరైంది. పోయిన మంగళవారం ఆఫీసరు జీపులో వచ్చినాడు. మన ప్రార్థన గుడిసె మీద సిలువను చూసి నిలబడిపోయినాడు.

"ఇదేమిటి?" అన్నాడు.

"ప్రార్థన చేసుకుంటాం సార్" అన్నాడు నల్లప్ప చిన్నాయన. గేరి పెద్ద కాబట్టి ఆయనే ముందు నిలబడింది.

"అయితే మీరు కిరస్తానాలు. ఈ బోరు హరిజనులకు వచ్చింది. మీకు రాదు."

"మేము మాలోళ్లమే గదా సార్."

"మాలవాళ్లు హిందువులయితేనే హరిజనులు. మతం మారితే కులం పోతుంది. అది చట్టం."

నల్లప్ప చిన్నాయన తల గోక్కుని, "పోయిందా సార్? ఈ సంగతి గోవిందప్పకు ఎవురన్నా చెప్పినారా? ఆయన ఇంకా మమ్మల్ని గిలక ముట్టనీడు" అన్నాడు. అందరం నవ్వినాము. ఆఫీసరు నవ్వలేదు.

ఒక కాగితం ఇచ్చిపోయినాడు. మేము హిందువులం, క్రైస్తవ మతంతో మాకు సంబంధం లేదు అని దాంట్లో ఉండాది. నలభై ఒక్క ఇంటోళ్లూ సంతకమో వేలిముద్రో పెట్టల్లంట. సిలువ దించల్లంట. అప్పుడు బోరు వేసే లారీ వస్తాదంట. గేరిలో రాత వచ్చింది నాకొక్కదానికే. మొదటి సంతకం నాది. నేను పెడితే అందరూ పెడతారు, నేను పెట్టకుంటే ఎవురూ పెట్టరు. ఆ కాగితం ఇప్పుడు నా పెట్టెలో ఉండాది.

ఆదివారం వాక్యం తెరిచి అందరికీ చదివినాను. శ్రమలో నుంచి ఓర్పు వస్తాది, ఓర్పులో నుంచి నిరీక్షణ వస్తాది అనే చోటు. చదువుతాంటే గొంతు రవంత తడి అయినట్ల అనిపించింది. నువ్వు చదువుకున్నోడివి. ఏమంటావో రాయి.

నీ అక్క
సుంకమ్మ

*

అనంతపురం,
1980 మార్చి 9

అక్కకు,

సంతకం పెట్టు.

ఉత్తరం ఇక్కడ ఆపేయవచ్చు. కానీ నువ్వు "ఏమంటావో రాయి" అన్నావు, నేను అనకుండా ఉండే రకం కాదని తెలిసీ అన్నావు. కాబట్టి విను.

ఆ ఆదివారం నువ్వు చదివిన చోట వేలు పెట్టి ఆ మాట మళ్లీ చూడు. నిరీక్షణ. ఇరవై ఏళ్లుగా పిల్లలకు తెలుగు చెప్పి బతుకుతున్నాను. ఏ నిఘంటువు తెరిచినా ఆ మాటకు అర్థం ఎదురుచూపు. ఆశ అనే రెండక్షరాల మాట ప్రతి పల్లెలోనూ ప్రతి నోటిలోనూ ఉండగా, దాన్ని పక్కకు నెట్టి మనకు ఎదురుచూపును చేతిలో పెట్టారు. ఎవరు ఎంచారో, ఎందుకు ఎంచారో నాకు తెలియదు. మన గేరికి మాత్రం అది ఒంటికి కొలిచి కుట్టిన చొక్కాలాగా సరిపోయింది. వానకు ఎదురుచూపు. గోవిందప్ప జీతగాడి చేయి వంగడానికి ఎదురుచూపు. బతికినంత కాలం చూసింది చాలదని, చచ్చాక పరలోకం వాకిట్లో ఇంకొక ఎదురుచూపు. ఇంత ఓర్పు గల జనం దొరికితే ఏ దొరకైనా పండగే.

నాయన పోయిన రోజు నీకు గుర్తుందా? నాకు పదేళ్లు. నీళ్లు అన్నాడు. నువ్వు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తున్నావు. నేను చెంబు పట్టుకుని ఆ తోటకే పరుగెత్తాను. అప్పుడు గోవిందప్ప నాయన ఏలుబడి. అయ్య భోంచేస్తున్నాడు, కూర్చో అన్నారు. కూర్చున్నాను. అన్నం తిన్నాడు, మజ్జిగ తాగాడు, చేయి కడుక్కున్నాడు. ఆ చేయి కడుక్కున్న నీళ్లు నాయనకు చాలేవి. నేను చెంబుతో ఇంటికి వచ్చేసరికి నువ్వు ప్రార్థన ఆపేసి ఏడుస్తున్నావు. అదీ మన నిరీక్షణ.

ఆ ఆఫీసరు మీద నాకు కోపం లేదనుకోకు. మాలవాడు దేవుణ్ణి మార్చుకుంటే మాలతనం ఊడిపోతుందని ఢిల్లీలో కూర్చున్నవాళ్లు రాశారు. ఊడిపోతే అంతకంటే ఏం కావాలి? మరి ఊడిందని మన ఊరి టీ అంగడివాడికి తెలియదే. నీ గ్లాసు ఇంకా బయట చూరులోనే దోపి ఉంది కదా. కులం పెట్టిన శిక్షలన్నీ ఉంచి, ఆ శిక్షకు విదిలించే రవ్వంత ఊరటను మాత్రం లాక్కోవడానికి చట్టం కావలసి వచ్చింది. దొంగ బుద్ధి. దొంగ ముందు అబద్ధం చెబితే అది అబద్ధం కాదు.

పోనీ పాపమంటావా? లేని దేవుణ్ణి కాదంటే పాపం ఎక్కడి నుంచి వస్తుంది? లేనివాణ్ణి లేడనడమే కదా. నలభై ఒక్క ఇళ్ల గొంతు తడుస్తుంది. సిలువ దించి పొయ్యిలో పెట్టు, సంగటి ఉడుకుతుంది.

నీ తమ్ముడు

*

రాళ్లవంక,
1980 మార్చి 25

తమ్ముడు యేసన్నకు అక్క వందనాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. ఒకసారి నాకోసం, ఒకసారి నల్లప్ప చిన్నాయనకోసం. పొయ్యి మాట మాత్రం ఆయనకు చదవలేదు.

నాయన సంగతి రాసినావు. ముప్పై అయిదేండ్లు నీ కడుపులో ఉండింటాది ఆ మాట. ఇప్పుడు నేనొకటి చెప్తాను. ఆ దినం నేను మోకాళ్ల మీద అడిగింది నాయన కోసం కాదు. ఆయన దాటిపోతాండాడని నాకు తెలిసిపోయింది. చెంబు పట్టుకోని నువ్వొక్కనివే ఆ తోటలోకి పోతివి. అంతకు ముందు వారమే మామిడికాయ కోసం పోయిన మనోళ్ల పిల్లోణ్ణి వాళ్లు చెట్టుకు కట్టి కొట్టింటిరి. నిన్ను కొట్టకుండా పంపించమని అడిగినాను. నువ్వు వచ్చినావు. అందుకే ఆపేసినాను.

గేరిలో పంచాయితీ పెట్టినాము. సగం మంది సంతకానికి సిద్ధం. వాళ్లను తప్పు పట్టలేను, బిందె మోసే నడుములు వాళ్లవి. నల్లప్ప చిన్నాయన అన్నాడు, "ఏముంది సుంకమ్మా, ఏసయ్యకు చెబుదాం. పదైదు దినాలు యాడికన్నా ఊరికి పోయి రా నాయనా, లారీ వచ్చి పోయినాక పిలిపిస్తాం అని. ఆయన మనోడే గదా, అర్థం చేసుకుంటాడు." అందరూ పడి పడి నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్వినాక కూడా చెయ్యి కదల్లేదు నాకు.

ఆయన ఉన్నాడా లేడా అని నువ్వు వాదిస్తావు. నాకు ఆ వాదన రాదు. నాకు తెలిసింది ఒకటే. రాత నేర్చుకుంది ఆ వాక్యం పుస్తకంలోనే. మీ బావ పోయినంక నాలుగేండ్లు నాతో మాట్లాడింది ఆ పుస్తకం ఒక్కటే. ఇప్పుడు ఆ రాతతోనే, అది నాకు తెలీదని సంతకం పెట్టమంటారు. అన్నం పెట్టిన చేత్తోనే కండ్లు పొడవమన్నట్ల ఉండాది.

అందుకని ఏం చేస్తాండానంటే, దినామూ ఆఫీసుకు పోతాండాను. వాక్యంలో ఒక విధవరాలు ఉంది. దేవునికి భయపడని, మనుషులకు సిగ్గుపడని ఒక అధికారి దగ్గరికి పోయి పోయి, వాని ప్రాణం విసిగించి న్యాయం తెచ్చుకునింది. ఆమెకు పేరు కూడా రాయలేదు. పేరు లేనిది, మనోళ్లదేమో అనుకున్నాను. పన్నెండు దినాలుగా బస్సెక్కి పోయి వాకిట్లో కూచుంటాండాను. బంట్రోతు, "ఏమక్కా, నీకు ఈడ ఉద్యోగం ఇచ్చినారా?" అన్నాడు. "ఇయ్యలేదప్పా. ఇచ్చింటే నీ మాదిరి గోడకానుకోని నిద్రపోతాంటిని గదా" అన్నాను.

నిన్న ఆఫీసరు పిలిచినాడు. "నీకేం కావాలి?" అన్నాడు. "మాలోళ్లమని గోవిందప్ప దూరం పెడతాడు. మాలోళ్లం కాదని నువ్వు దూరం పెడతావు సార్. మేం ఎవురిమో మీరిద్దరూ ఒక మాట అనుకోని చెప్పండి. అందాక నేను ఈడనే ఉంటా" అన్నాను. ఆయన ముఖం ఎర్రగా అయింది. పొమ్మనలేదు.

నిరీక్షణ అంటే ఎదురుచూపే అని రాసినావు. అయ్యవారివి, నువ్వు చెప్పింది నిజమే అయింటాది. కానీ యాడ కూచోని ఎదురుచూస్తామనేది ఒకటుంది గదా.

అక్క సుంకమ్మ

*

అనంతపురం,
1980 ఏప్రిల్ 3

అక్కకు,

"మీరిద్దరూ ఒక మాట అనుకుని చెప్పండి." ఈ మాట నేను అనలేకపోయానే అని అసూయగా ఉంది. ఇరవై ఏళ్లు వ్యాసాలు రాసి ఇంత పదునైన వాక్యం ఒక్కటి రాయలేదు.

నాయన సంగతి చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను.

అయినా నా మాట నాదే. నువ్వు వాకిట్లో కూర్చుంటే వాళ్లు నిన్ను దాటుకుని పోతారు. గడపకు అలవాటు పడినట్టు నీకూ అలవాటు పడతారు. ఆ కథలో అధికారికి కనీసం విసుగు పుట్టింది. మన అధికారులకు విసుగు పుట్టదు, బదిలీ పుడుతుంది. నీకు కావలసింది ఓపిక కాదు, రచ్చ. ఆ రచ్చ నేను చేశాను.

మా మాసపత్రికలో మన గేరి మీద నాలుగు పేజీలు రాశాను. ఎవరినీ వదల్లేదు. దేవుడి పేరుతో నీళ్లు అమ్మే సర్కారును, ఓర్పు నేర్పే పాస్టర్లను, కుక్కకు దొరికే నీళ్లు మనిషికి దొరకనివ్వని గోవిందప్పలను అందరినీ ఒకే తాడుకు కట్టాను. "క్రైస్తవుల మీద పగతో రాశాడు" అని రేపు ఎవడూ అనకుండా మొదటి పేజీలోనే చెప్పేశాను: నేను పుట్టింది ప్రార్థన చేసుకునే ఇంట్లోనే, నా పేరు యేసన్న, ఈ రోజు ఆ ఆఫీసు వాకిట్లో కూర్చున్న సుంకమ్మ నా తోడబుట్టిన అక్క అని.

భయపడకు. పత్రికలో నేను ఎప్పుడూ యేసన్ననే. దేవుణ్ణి తిట్టడానికి ఆ పేరు కంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది? ఉద్యోగంలో ఓబుళేసును. ఇద్దరూ ఒకడేనని నలుగురైదుగురు మిత్రులకు తప్ప తెలియదు.

ఒక ప్రతి ఆ ఆఫీసరు పేరిట రిజిస్టరు పోస్టులో పంపాను. నాలుగో పేజీలో ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ పంపాను. చదువుకుని చావనీ.

నీ తమ్ముడు

*

రాళ్లవంక,
1980 ఏప్రిల్ 19

ఓబుళేసుకు సుంకమ్మ రాసేది.

సంతకం పెట్టినాను. మిగిలినోళ్లు వేలిముద్రలు వేసినారు. సిలువ నేనే ఎక్కి దించినాను. లారీ వచ్చే వారం వస్తాదంట.

ఇంక మా సంగతి పత్రికలో రాయవద్దు.

సుంకమ్మ

*

అనంతపురం,
1980 ఏప్రిల్ 26

అక్కకు,

నీ కార్డు చేరింది. నేను గెలిచానని అనుకోవాలి. నువ్వు సంతకం పెట్టాలనే కదా మార్చి నుంచి గొంతు చించుకుంటున్నాను.

కార్డు బల్ల మీద పెట్టుకుని నాలుగు రోజులుగా చూస్తున్నాను. పట్టుమని పది వాక్యాలు లేవు. వందనాలు లేవు. మరదలు ఎట్లుందని అడగలేదు. ఓబుళేసుకు అని మొదలుపెట్టావు. హాజరు పట్టీలో, జీతాల పట్టీలో, ఇంటి ఓనరు రశీదులో రోజూ చూసే పేరే అది. నీ చేతిరాతలో చూస్తే ఎవరో పరాయివాడి ఉత్తరం విప్పినట్టయింది.

ఏం జరిగింది? నా వాదన విని మనసు మారిందని మాత్రం చెప్పకు, నేను నమ్మను. నా వాదనలు విని ఇంతవరకు ఎవరి మనసూ మారలేదు. నా భార్య సోమవారం ఉపవాసమే ఇంకా మానలేదు. పన్నెండు రోజులు వాకిట్లో కూర్చున్న మనిషివి, రాయిని కూడా విసిగించే మనిషివి, ఉన్నట్టుండి నిచ్చెన వేసుకుని ఎక్కి నీ చేతులతోనే దించావంటే నిన్ను ఎవరో కొట్టి ఉండాలి, లేదా బెదిరించి ఉండాలి. గోవిందప్పనా? ఆఫీసరా? పేరు చెప్పు చాలు.

నా తగవు నీ దేవుడితో. నీతో కాదు. నువ్వు ఓడిపోతే నాకు రవ్వంత కూడా సంతోషం లేదని ఈ వారం తెలిసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకు, మా పత్రికవాళ్లకు అసలే చెప్పకు.

మే నెలాఖరులోపు జవాబు రాకపోతే నేనే ఆ ఆఫీసుకు పోయి, బల్ల గుద్ది కనుక్కుంటాను.

నీ తమ్ముడు

*

రాళ్లవంక,
1980 మే 21

తమ్మునికి,

నువ్వు ఆఫీసుకు పోవద్దు. పోకుండా ఉండేదానికే ఇది రాస్తాండాను. ఒక అబద్ధం కాగితం మీద పెట్టినాను. నీకు ఇంకొక అబద్ధం రాసే ఓపిక లేదు.

ముందు మంచి సంగతి. లారీ వచ్చింది. నూట ఎనభై అడుగులకు నీళ్లు పడినాయి. ఎర్ర మన్ను, తరవాత బురద, తరవాత నీళ్లు లేచినాయి. నల్లప్ప చిన్నాయన పంచె తడుపుకోని పిల్లోళ్ల మాదిరి ఎగిరినాడు. ఆడోళ్లు బిందెలు కడిగి కడిగి పోసుకున్నారు, ఎవురూ ఎత్తు నుంచి పోయకుండా. చూస్తాంటే కండ్లు చాలలేదు.

నీ పత్రిక ఆఫీసరుకు చేరింది. ఎర్ర గీతలతో సహా. ఆయన నన్ను లోపలికి పిలిచినాడు, కుర్చీ చూపించినాడు. నెలకు పైగా నేల మీద కూచోబెట్టి ఇప్పుడు కుర్చీ చూపిస్తాండాడంటేనే నాకు భయమేసింది.

"సుంకమ్మా, నీ తమ్ముడు బాగా రాస్తాడు. అనంతపురంలో మాస్టరు కదా? ఓబుళేసు. మీ కరణాన్ని అడిగితే చెప్పినాడు" అన్నాడు. "హరిజనుల కోటాలో వచ్చిన ఉద్యోగం. హిందూ మాల అని సర్టిఫికెట్ ఇచ్చినాడు. ఇక్కడేమో కిరస్తానం ఇంట్లో పుట్టినానని అచ్చు వేయించినాడు. ఏది నిజం?"

పత్రికను నా దిక్కు తిప్పి పెట్టి, మళ్లీ ఆయనే అన్నాడు.

"నువ్వు కిరస్తానం అయితే నీ తోడబుట్టినవాడూ కిరస్తానమే. అప్పుడు ఆ ఉద్యోగం దొంగతనం. నేను వాళ్ల ఆఫీసుకు ఒక్క కార్డు రాస్తే చాలు. నువ్వు హిందువువని సంతకం పెడితే, ఈ నాలుగు పేజీలూ ఏదో కథ. కథలకు నేను కార్డులు రాయను."

కాగితం నా ముందర పెట్టి, పెన్ను మూత కూడా ఆయనే తీసిచ్చినాడు.

నీకు ఇద్దరు పిల్లోళ్లు. పెద్దది కాలేజీలో చేరల్ల. నేను రెండు నిమిషాలు కూడా ఆలోచన చేయలేదు. అది నన్ను ఇప్పటికీ బాధ పెడతాది. రెండు నిమిషాలన్నా ఆలోచన చేయాల్సింది.

ఇంక ఒకటి రాస్తాను, తిట్టవద్దు. ఆ బోరింగు నీళ్లు నేను తాగలేదు. పట్టుకోని నోటి దాకా తెచ్చినాను, గొంతు దిగలేదు. నేనొక్కదాన్నే బిందె తీసుకోని గోవిందప్ప తోటకు పోతాండాను. జీతగాడు, "మీ గేరిలో గంగ పడింది గదా, ఈడికి యాలకొస్తావు?" అని నవ్వి, పావు బిందె పోస్తాడు.

నేను మొత్తంగా చెడిపోయినానని అనుకోవద్దు. వాక్యంలో ఒకడుండాడు, కోడి కూసే లోపల మూడుసార్లు ఆయన ఎవురో నాకు తెలీదన్నాడు. చలిమంట దగ్గర, ఒక పనిమనిషి అడిగితే. బయటికి పోయి ఏడ్చినాడు. తరవాత గొర్రెలను మేపే పని ఆయన వానికే అప్పజెప్పినాడు. కాదన్నోణ్ణి పిలిచి ఇచ్చినాడు. నేను ఎన్నిసార్లు చదివినానో ఆ చోటు. ఇన్నేండ్లూ వాడు పిరికోడని చదివినాను. ఇప్పుడు వానికి కూడా తమ్ముడో చెల్లెలో ఉండిందేమో అని చదువుతాండాను. ఆ ఒక్క చోటు పట్టుకోని ఉండాను. అది చాలు నాకు.

నువ్వు నీ పని చూసుకో. ఇది చించేయి.

సుంకమ్మ

*

అనంతపురం,
1980 జూన్ 5

అక్కా,

చించలేదు.

నాలుగు రోజులు ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇంట్లో చెంబులూ గిన్నెలూ విసిరాను. ఆ ఆఫీసరును తిడితే సరిపోతుందా? వాడికి ఆయుధం రిజిస్టరు పోస్టులో పంపింది ఎవరు? గీతలు గీసి, ఎక్కడ నరకాలో గుర్తు పెట్టి మరీ పంపింది ఎవరు? నలుగురు మెచ్చుకుంటారని నీ పేరు అచ్చులో పెట్టాను. నా పేరు మాత్రం రెండు ముక్కలు చేసి, ఒక ముక్కతో తిట్టి, ఇంకొక ముక్కతో జీతం తీసుకున్నాను. నిన్ను సంతకం పెట్టమని సులువుగా ఎందుకు చెప్పగలిగానో ఇప్పుడు అర్థమైంది. నేను ముందే పెట్టేశాను కాబట్టి.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి ఉంది. పద్దెనిమిదో ఏట సర్టిఫికెట్ కోసం కరణం దగ్గరికి పోయాను. "మీ ఇంట్లో ప్రార్థనలు చేస్తారంట కదరా, హిందువని ఎట్లా రాయమంటావు?" అన్నాడు. "అది మా అక్క స్వామీ. ఆమెకు కొంచెం పిచ్చి" అన్నాను. ఆయన పకపకా నవ్వి రాసిచ్చాడు. ఆ రోజు నువ్వు చెనిక్కాయ పీకిన కూలితో కొనిచ్చిన చొక్కా నా ఒంటి మీద ఉంది. ఇరవై ఏడేళ్లుగా ఏ దేవుడి ముందూ మోకరిల్లనని గొప్పలు చెప్పుకుంటున్నాను. ఆ కరణం ముందు మోకరిల్లిన సంగతి మాత్రం ఏ వ్యాసంలోనూ రాయలేదు.

రెండో తారీఖున మా పై ఆఫీసులో కాగితం ఇచ్చాను. దాని నకలు ఇందులో పెడుతున్నాను. నువ్వు చదువుకోవడానికి వీలుగా పెద్ద అక్షరాలతో రాశాను:

"యేసన్న అనే ఓబుళేసు రాసి ఇచ్చే వాంగ్మూలం. నేను మాల కులంలో, క్రైస్తవ ప్రార్థన చేసుకునే ఇంట్లో పుట్టాను. నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. నేను హిందువునని రాసి ఇచ్చిన మాట అబద్ధం. మాలవాణ్ణి అని రాసి ఇచ్చిన మాట నిజం. ఆ నిజానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, మా ఊరి గోవిందప్ప బావి దగ్గర అడిగితే చెబుతారు. మీ చట్టం ప్రకారం నేను దొంగను. మీ చట్టం ఎవరిదో కూడా ఒకసారి విచారించండి."

గుమాస్తా చదివి, "మాస్టారూ, ఒంట్లో బాగుందా?" అన్నాడు. నీ మరదలు రెండు రోజులు బియ్యం, బాడుగ లెక్కలు వేసింది. మూడో రోజు, "లేడు లేడు అంటివి గదా, లేని దేవుని కోసం ఉన్న ఉద్యోగం పోగొట్టుకునే తెలివి ఎవరు నేర్పినారు?" అంది. దేవుడి కోసం కాదని చెప్పాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. ఉత్తర్వు ఈ నెలలోనే వస్తుందట.

నీ పుస్తకం మీద నా అభిప్రాయం అణువంత కూడా మారలేదు. ఆ కోడి కూసిన కథ మీద నాకు పది ప్రశ్నలున్నాయి, తీరిగ్గా అడుగుతాను. కానీ ఇక నువ్వు కాపాడవలసింది ఏమీ మిగల్లేదు. నకలు తీసుకుని ఆ ఆఫీసుకు పో. నీ సంతకం వెనక్కి తీసుకో. తర్వాత ఇంటికొచ్చి ఆ నీళ్లు తాగు. గోవిందప్ప తోట దిక్కు ఇంకొక్కసారి బిందె పట్టుకుని పోయావంటే నేనే వచ్చి ఆ బిందె పగలగొడతాను.

యేసన్న

*

రాళ్లవంక,
1980 జూన్ 28

తమ్ముడు యేసన్నకు అక్క సుంకమ్మ ప్రభువు పేరిట వందనాలు.

పిచ్చి అన్న సంగతి నాకు అప్పుడే తెలుసు. కరణం కడుపులో మాట నిలుస్తాదా? ఆ దినం పొద్దు గూకే లోపలే ఊరంతా చెప్పుకోని నవ్వినాడు. మూడు నెలలు పిల్లోళ్లు నన్ను పిచ్చి సుంకి అని పిలిచినారు. నువ్వు పట్నం పోయి చదువుకునే ఏర్పాటులో ఉంటివి. నేను అడిగితే నువ్వు పోయుండవు. అందుకని అడగలేదు. అడగలేదంటే కోపం లేదని కాదు. నాలుగేండ్లు ఉండింది. ఆ కోపంతోనే మొండిగా చదువు నేర్చుకున్నాను, నిజంగా పిచ్చిదాన్ని కాదని నాకు నేను చూపించుకునేదానికి.

నకలు తీసుకోని ఆఫీసుకు పోయినాను. నా సంతకం అబద్ధం, నేను క్రైస్తవురాలిని, మాలదాన్ని, రెండూ నేనే అని నా చేత్తో రాసి ఇచ్చినాను. ఆఫీసరు చదివి, "ఇట్లా రాసిస్తే ఆ బోరు అక్రమం అవుతుంది, తెలుసా?" అన్నాడు.

"అయితే పెరికి తీసుకపోండి సార్. నూట ఎనభై అడుగులు. నేను కూడా ఒక చెయ్యి వేస్తాను" అన్నాను.

బంట్రోతు నవ్వు ఆపుకోలేక బయటికి పోయినాడు. ఆఫీసరు కాగితాన్ని ఫైలులో పెట్టి దారం కట్టేసినాడు. ఇంక ఆయన దాన్ని తెరవడు. తెరిస్తే ఆయన మంజూరు చేసిందీ తప్పే అవుతాది గదా.

గేరికి వచ్చి నీళ్లు తాగినాను. ఉప్పగా ఉండాయి. రెండు చెంబులు తాగినాను.

నిన్ను సస్పెండు చేసినారని మన గేరి ఎర్రన్న కొడుకు అనంతపురం నుంచి వచ్చి చెప్పినాడు. నువ్వు రాయలేదు. నాకు కోపం వస్తాదని రాయలేదా, ఏడుస్తానని రాయలేదా? నేను ఏడవలేదు. నీ ఉద్యోగం తీసిన చెయ్యీ, మనల్ని గిలక ముట్టనియ్యని చెయ్యీ వేరు వేరని ఇన్ని దినాలు అనుకున్నాను. కాదు.

ఇంటి బాడుగ కట్టలేకపోతే మరదలినీ పిల్లోళ్లనూ పిలుచుకోని వచ్చేయి. సిగ్గుపడొద్దు. కదిరి రోడ్డు కోసం కరువు పని పెట్టినారు, మేమంతా కంకర కొడతాండాము. పొద్దున్నే మేస్త్రీ వస్తాడు, చేతికి సుత్తి ఇస్తాడు. పేరు యేసన్ననా, ఓబుళేసునా అని అడగడు. సర్టిఫికెట్ చూపమనడు. రాళ్లు కొట్టేదానికి మాత్రం ఈ దేశంలో మనం ఎప్పుడూ హరిజనులమే.

నీ అక్క
సుంకమ్మ